నైలు ఒడ్డు గడ్డి, మన మట్టి కవర్లు

(కందుకూరు ప్రాంత పాడి రైతుల సమావేశంలో ఒక రిటైర్డ్ పశువైద్యుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు ఆ ఫ్యాను కొంచెం తగ్గించు బాబూ, కవర్లు ఎగిరిపోతున్నాయి.

బల్ల మీద ఈ కవర్లేంటా అని చూస్తున్నారు కదా. పోయిన వారం మీ సంఘం వాళ్లు ఫోన్ చేశారు. "సార్, మావాళ్లు యూట్యూబ్‌లో ఏదో క్లోవర్ గడ్డి చూశారు. పాలు రెండింతలవుతాయంట. విత్తనం కోసం తిరుగుతున్నారు. వచ్చి ఏ రకం మంచిదో చెప్పండి" అన్నారు. వస్తాను గానీ, వచ్చేవాళ్లను తలా గుప్పెడు మట్టి కవర్లో వేసుకుని, పైన ఊరి పేరు రాసుకుని రమ్మనండి అన్నాను. పదిహేడు కవర్లు వచ్చాయి. మిగతావాళ్లు మర్చిపోయారు. ఒకాయన మట్టి బదులు దిబ్బలో ఎరువు తెచ్చాడు. (నవ్వులు) పర్లేదయ్యా, అదీ పనికొస్తుంది.

ఏ రకం మంచిదో ఈ కవర్లు విప్పాక చెప్తాను. ముందే చెబితే అది జ్యోతిష్యం అవుతుంది.

క్లోవర్ అంటే ఒక్క గడ్డి కాదు. అసలు గడ్డే కాదు, పప్పుజాతి మొక్క. రెండు వందలకు పైగా జాతులున్న పెద్ద కుటుంబం. అది ఎట్టా ఉంటుందో తెలియాలంటే ఇంటికెళ్లి మెంతికూర కట్ట విప్పి చూడండి. కాడకు మూడాకులు. మెంతి, లూసర్న్ (అల్ఫాల్ఫా అంటారే, ఆ మేత మొక్క), క్లోవర్ దగ్గరి చుట్టాలు. మరి మెంతికూర మనకు ఎప్పుడు బాగా వస్తుంది? ఏమ్మా, మీరు చెప్పండి. ఆ, చలికాలంలో. మే నెలలో మెంతులు చల్లితే ఏమవుతుందో మీకే తెలుసు. క్లోవర్‌ది కూడా అదే గుణం, ఇంకా కొంచెం ఎక్కువ.

మీ వీడియోల్లో కొండల మీద ఆవులు మేస్తుంటే తెల్ల పూలు కనిపిస్తాయే, అది తెల్ల క్లోవర్. ఇంగ్లాండు, న్యూజిలాండ్ లాంటి చల్లటి దేశాల పచ్చిక. మన దేశంలో హిమాచల్, కాశ్మీర్ వైపు, కింద నీలగిరుల మీద ఉంటుంది. ఎర్ర క్లోవర్‌దీ అదే దారి. ఈ రెండింటినీ ఇక్కడితో వదిలేద్దాం. ఉదయగిరి కొండ ఎంత ఎత్తున్నా అది ఊటీ అవ్వదు.

ఆస్ట్రేలియా వాళ్ల సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే రకం ఎంచుకోవడం వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. అక్కడ సబ్‌టెర్రేనియన్ క్లోవర్ అని ఒకటుంది. మన వేరుశనగ ఊడ దింపినట్టు అది పూత అయ్యాక గింజల్ని మట్టిలోకి దించుకుంటుంది. 1889లో దక్షిణ ఆస్ట్రేలియాలో మౌంట్ బార్కర్ దగ్గర ఏమస్ హోవర్డ్ అనే రైతు కంటబడింది. అప్పటిదాకా అది కలుపు మొక్కే. ఈరోజు అక్కడి రైతు ఆ విత్తనం కొనడానికి వెళ్తే, ఎన్ని టన్నులు వస్తుంది అని ముందుగా అడగడు. నా దగ్గర వాన ఎన్ని నెలలు, ఈ రకం ఎన్ని రోజులకు పూస్తుంది అని అడుగుతాడు. వాన ఆగేలోపు గింజ కట్టాలి కదా. తర్వాత నేల సంగతి. పుల్ల నేలకు ఒక ఉపజాతి, నీళ్లు నిలిచే నేలకు ఒకటి, మన రేగడిలాగా నెర్రెలిచ్చే క్షార నేలకు ఇంకొకటి. మూడూ ఒకే క్లోవర్. అయినా ఒకదాని చోట ఇంకొకటి వేయరు.

మనమేం చేస్తాం? షాపుకెళ్లి "మంచి రకం ఉందా?" అంటాం. ఆయన "ఇదే సార్, ఫుల్ డిమాండ్" అంటాడు. అయిపోయింది.

సరే, మన దేశంలో క్లోవర్ అనగానే పాడి రైతులు చెప్పేది బర్సీమ్. దాని పుట్టిల్లు ఈజిప్టు వైపు. అక్కడ నైలు నది ఒండ్రు నేలల్లో చలికాలపు పంట అది. మన దేశంలోకి 1904 ప్రాంతంలో సింధు వైపు తెచ్చారు. అక్కడి నుంచి పంజాబ్, హర్యానా, ఉత్తరప్రదేశ్ అంతా పాకింది. నైలు దగ్గర కూడా బర్సీమ్ ఒక్కటే రకం కాదు. ఫహ్లీ అని ఒకటి, ఒక్క కోతతో సరి. సైదీ అని ఇంకొకటి, రెండు మూడు కోతలిస్తుంది, వేరు కొంచెం లోతుకు పోతుంది. మెస్కావి మూడోది, నాలుగైదు కోతలు. ఎందుకీ తేడా అంటే చిగురు ఎక్కడ పుడుతుందన్న దాన్ని బట్టి. మెస్కావికి కాడ మొదలు దగ్గర, నేలకు దగ్గరగా మొగ్గలుంటాయి. కొడవలి పైనుంచి పోతుంది, మొగ్గ కింద మిగులుతుంది, మళ్లీ లేస్తుంది. ఫహ్లీ కొమ్మలు పైన వేస్తుంది. కోస్తే మొగ్గలన్నీ కట్టలోకే పోతాయి. మీరు తోటకూర కోసేటప్పుడు కింద రెండు కణుపులు వదిలేస్తారు చూడండి, ఆ లెక్కే.

మన దేశానికి వచ్చింది ఎక్కువగా మెస్కావి. దాని నుంచీ, వేరే దారుల్లోనూ ఇక్కడ చాలా రకాలు తయారుచేశారు. ఇక్కడ ఒక చిన్న కిటుకు చెప్తాను. మేత రకాల పేర్లలో చాలాసార్లు ఊరు దాగి ఉంటుంది. బీఎల్-1, బీఎల్-10, బీఎల్-42 అంటారే, అందులో ఎల్ అంటే లూధియానా. జేబీ-1లో జే అంటే జబల్‌పూర్. బుందేల్ బర్సీమ్ అంటే ఝాన్సీ వైపు బుందేల్‌ఖండ్. వర్దాన్ కూడా ఝాన్సీలోని గడ్డి పరిశోధన సంస్థదే. లూసర్న్‌లో ఆనంద్-2 గుజరాత్‌లోని ఆనంద్‌ది. ఆర్‌ఎల్-88 మహారాష్ట్రలో రాహురిది. సీఓ-1 కోయంబత్తూరుది. సంచి మీద పేరు చూడగానే ఈ గింజ ఏ ఊరి ఎండ తిని పెరిగింది అని అడగండి. పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఏ ఊరు అని అడగమూ?

ఇప్పుడు నా సొంత గోల.

ఉద్యోగంలో ఉన్నప్పుడు ట్రైనింగ్‌కని హర్యానాలో కర్నాల్ పంపించారు. జనవరి నెల. పొద్దున్నే పొగమంచు, చేతులు కొంకర్లు పోయే చలి. ఆ చలిలో బర్సీమ్ మడులు చూశాను. మోకాలి దాకా పచ్చగా, కోస్తుంటే కాడ పుటుక్కున విరిగి నీరు కారుతోంది. బర్రెలు నిద్రలో కూడా దాన్నే తలుచుకుంటాయనిపించింది. నాకు పిచ్చి పట్టింది. తిరుగు ప్రయాణంలో ఒక షాపులో ఐదు కిలోల విత్తనం కొని రైల్లో తెచ్చుకున్నాను.

మా బావమరిదికి సొంత నల్లరేగడి ఉంది, చెరువు కింద. ఆ ఏడు దీపావళి వారంలో యాభై సెంట్లు మడులు కట్టించాను. కర్నాల్‌లో చెప్పినట్టే మడిలో రెండంగుళాల నీళ్లు పెట్టి, నానబెట్టిన విత్తనం ఆ నీళ్ల మీదే చల్లాను. ఊళ్లో వాళ్లు గట్టు మీద నిలబడి చూశారు. మూడో రోజు మొలక వచ్చింది. ఎనిమిదో రోజు తుపాను వచ్చింది. మన నవంబరు సంగతి మీకు చెప్పేదేముంది, రెండు రోజులు ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. మొలకలు పసుపు తిరిగి, నాలుగు రోజులకు మడి మళ్లీ ఖాళీ.

మిగిలిన విత్తనం డిసెంబరులో చల్లాను. ఈసారి నిలబడింది. జనవరి ఆఖరుకు మొదటి కోత. బర్రెలు ఎగబడి తిన్నాయి, అబద్ధం చెప్పను. ఫిబ్రవరి ఆఖరుకు రెండో కోత. మూడో కోత కోసం చూస్తుంటే మార్చి రెండో వారంలో మొక్క జానెడు కూడా లేవకుండానే పూత మొదలుపెట్టింది, ఆకు అంచులు మాడాయి. నెలాఖరుకు మడిలో మిగిలింది ఏంటో తెలుసా? నీలం పూలు పూసే ఒక కలుపు. అడిగితే తేలింది, అది కాసిని. అంటే చికోరీ. మన కాఫీ పొడిలో కలిపే చికోరీ! విత్తనంతో పాటు వచ్చింది.

మా బావమరిది ఒక్క మాట అన్నాడు. "బావా, గడ్డి బాగానే ఉంది గానీ, బర్రె తిన్నదానికంటే నువ్వు దాని చుట్టూ తిరిగిందే ఎక్కువ." (నవ్వులు)

షాపు వాణ్ణి తిట్టుకున్నాను కొన్నాళ్లు. కాసిని కలిసింది వాడి తప్పే. కానీ దానికి మందు నాకు ముందే తెలిసి ఉండాల్సింది, చాలా తేలిక. పది లీటర్ల నీళ్లలో అర కిలో ఉప్పు నుంచి కిలో దాకా కలిపి విత్తనం పోస్తే కాసిని గింజ పైకి తేలుతుంది. చేత్తో తీసేసి, విత్తనాన్ని రెండు సార్లు మంచినీళ్లతో కడగాలి. ఉప్పు మిగిలితే మొలక రాదు. అంతే పని. మిగతాదంతా నా తప్పు. గింజను చూశాను గానీ క్యాలెండర్ చూడలేదు.

క్యాలెండర్ సంగతి చూద్దాం. పంజాబ్‌లో సెప్టెంబరు ఆఖరు, అక్టోబరు మొదట్లో బర్సీమ్ వేస్తారు. పగలూ రాత్రీ కలిపి సరాసరి 25 డిగ్రీల దగ్గరికి వేడి దిగినప్పుడు. ఏడు వారాల్లో మొదటి కోత, ఆ తర్వాత నెలకో నలభై రోజులకో ఒకటి చొప్పున మే దాకా, ఐదారు కోతలు. మనకు ఆ 25 డిగ్రీలు ఎప్పుడొస్తుంది? డిసెంబరులో. సంక్రాంతి ముగ్గులు వేసేటప్పుడు కూడా మన దగ్గర అటూ ఇటూగా 20 డిగ్రీలు, మధ్యాహ్నానికి 30. మార్చి వచ్చిందంటే 35 దాటుతుంది. రోహిణి కార్తె దాకా ఆగక్కర్లేదు, ఈ మొక్కకు మార్చి ఎండే రోహిణి కార్తె. అంటే మనకు దొరికే కిటికీ వంద రోజులు. రెండు కోతలు ఖాయం, మూడోది అదృష్టం.

అందుకని "ఎక్కువ రోజులు నిలిచే రకం" అని బీఎల్-10ని ఎవరైనా పొగిడితే, అది నిజమే, పంజాబ్‌లో. ఆ ఎక్కువ రోజులు ఏప్రిల్‌లో, మేలో ఉన్నాయి. మన ఏప్రిల్‌లో అవి లేవు. మనకు కావాల్సింది తొందరగా లేచేది. సరదా తీరాలంటే చెరువు కిందో కాలువ కిందో పది సెంట్లలో కిలో వర్దానో మెస్కావో డిసెంబరు మొదటి వారంలో చల్లుకోండి. ఎకరానికి పది కిలోల లెక్క. అంతకు మించి వద్దు. గింజ కూడా కట్టదు, ఏటా కొనాలి.

ఒక పక్క మాట. మన ఒంగోలు జాతి ఓడెక్కి బ్రెజిల్ పోయి, అక్కడ నెలోర్ అని మన నెల్లూరు పేరు పెట్టుకుని కోట్లల్లో పెరిగింది. అందరం గొప్పగా చెప్పుకుంటాం. అది ఎందుకు బతికింది అంటే వేడి దేశం నుంచి వేడి దేశానికి పోయింది కాబట్టి. అక్కడ అది మేసేది క్లోవర్ కాదు, బ్రకియారియా అని ఆఫ్రికా వేడి నేలల గడ్డి. అదే పశువును నార్వేకి తోలి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఇక కవర్లు విప్పుదాం. ఆ బిందె ఇటివ్వు బాబూ.

మట్టి పరీక్ష చేయించండి, అది వేరే. ఉదజని సూచిక, అంటే నేల పులుపో క్షారమో చెప్పే పీహెచ్ అంకె, లవణాల లెక్క కాగితం మీద రావాలి. ఈలోపు చేత్తో చేసేది ఒకటి చూపిస్తాను. ఈ మట్టి కొంచెం తడిపి, పూరీ పిండిలాగా పిసికి, అరచేతుల మధ్య పామును చేస్తున్నాను. ఇదిగో, సన్నగా పెన్సిల్ అంత. ఇప్పుడు దీన్ని వంచి ఉంగరం చేస్తాను. చూశారా, పగల్లేదు. ఇది పక్కా నల్లరేగడి. నీళ్లు పట్టుకుంటుంది, వదలదు. ఇది రెండోది, కనిగిరి వైపుది. పాము అయింది, వంచగానే మూడు ముక్కలయింది. ఎర్ర గరప నేల. ఇది ఉలవపాడు కవరు. పాము చేయబోతే వేళ్ల సందులోంచి జారిపోతోంది. ఇసుక. మూడు ఊళ్లూ బస్సులో గంట గంటన్నర దూరం. మూడింటికీ ఒకే విత్తనం అమ్ముతామని ఎవరైనా వస్తే, ఈ బిందె నీళ్లు ఇచ్చి పంపండి.

జిల్లాల సంగతి ఎత్తకండి. ఈ కందుకూరు 1970 దాకా నెల్లూరు, తర్వాత ప్రకాశం, 2022లో మళ్లీ నెల్లూరు, ఆ తర్వాతిది మీరే చెప్పాలి. సంచి మీద "ఫలానా జిల్లాకు అనుకూలం" అని రాసి ఉంటే అది ఏ ఏటి జిల్లా అని అడగాలి.

ఎర్ర గరప నేల, బోరు ఉన్నవాళ్లు అదృష్టవంతులు. క్లోవర్ చేసే పని వాళ్లకు లూసర్న్ చేస్తుంది, ఇంకా ఎక్కువ రోజులు. ఎండు లెక్కన మాంసకృత్తులు 18 నుంచి 20 శాతం. వరిగడ్డిలో ఎంత? మూడు నాలుగు. లూసర్న్ వేరు లోతుకు పోతుంది, ఎండను బర్సీమ్ కంటే బాగా ఓర్చుకుంటుంది. కానీ కాళ్ల కింద నీళ్లు నిలిస్తే చచ్చిపోతుంది. నెల్లూరు జిల్లా వానలో సగానికి పైగా ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. కాబట్టి వాన వెనక, నవంబరు ఆఖరులో, వాలు ఉన్న చోట చాళ్లలో వేయండి. అడుగు దూరం చాలు, ఎకరానికి ఐదారు కిలోలు. దుక్కిలో సూపర్ ఫాస్ఫేట్ నాలుగు బస్తాలు. రెండు రెండున్నర నెలలకు మొదటి కోత, తర్వాత 25, 30 రోజులకొకటి. రకం అంటే నేనైతే దక్షిణాది, పశ్చిమం వైపువి చూస్తాను. సీఓ-1, ఆర్‌ఎల్-88, ఆనంద్-2. మొదటి రెండూ ఏళ్ల తరబడి ఉండేవి. రెండో ఏడు వాన కాలం దాటించడమే గండం, మురుగు కాలువ లోతుగా తీయకపోతే మడి మధ్యలో బట్టతల వస్తుంది.

లూసర్న్‌కు ఒక దొంగ ఉంది. బంగారు తీగ. కంచె మీద పసుపు దారాల్లాగా అల్లుకుంటుందే, అది. ఆకు ఉండదు, వేరు ఉండదు, లూసర్న్ కాడను పీల్చి బతుకుతుంది. దాని గింజ లూసర్న్ గింజ కంటే సన్నం. సన్న జల్లెడ పట్టండి. మడిలో ఎక్కడైనా పసుపు దారం కనిపిస్తే దాన్ని మాత్రమే పీకకండి, పట్టుకున్న మొక్కలతో సహా కోసి, పూత రాకముందే అక్కడే కాల్చేయండి.

బోరు లేని ఎర్ర చెలక, పామూరు, ఉదయగిరి, కనిగిరి మెట్టలు. అక్కడ లూసర్న్ పేరు ఎత్తొద్దు. గొర్రెలున్న ప్రాంతం అది. నెల్లూరు గొర్రె కాళ్లు పొడుగు, నడిచి మేసే జీవం. దానికి కోసి పెట్టే గడ్డి కంటే గట్ల మీద, బీళ్లలో నిలిచే మేత కావాలి. స్టైలో వేయండి. హమాటా, స్కాబ్రా అని రెండు జాతులు మనకు పనికొస్తాయి. ఇది కూడా మూడాకులదే, చిన్న పసుపు పూలు. బీద నేలలో, ఐదు వందల మిల్లీమీటర్ల వానలో బతుకుతుంది. మొదటి ఏడు మాత్రం జీవాలను తోలకండి, గింజ రాలనివ్వండి. ఇది చెప్తే ఎవరూ వినరు. "సార్, పచ్చగా కనిపిస్తుంటే గొర్రె ఆగుతుందా?" అంటారు. గొర్రె ఆగదయ్యా, నువ్వు ఆగాలి. రేగడిలో మాత్రం స్టైలో వేయకండి, కుళ్లిపోతుంది.

దశరథ గడ్డి మీలో కొందరికి తెలుసు. ఆకు తుమ్మాకులాగా సన్నగా ఉంటుంది, కంచెలాగా పెరుగుతుంది. మూడు నాలుగేళ్లు నిలుస్తుంది, నలభై రోజులకొక కోత, మోకాలెత్తున వదిలి కోయాలి. రేగడిలోనూ ఎర్ర నేలలోనూ సర్దుకుపోతుంది. మొలకలేదు, విత్తనం మోసం అని నాకు ఫోన్లు వచ్చేవి. మోసం కాదు, ఆ గింజకు పెంకు గట్టి. నీళ్లు బాగా కాచి దింపి, పొంగు తగ్గాక, వేలు పెట్టలేని వేడిలో నాలుగైదు నిమిషాలు ముంచి, తీసి చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. స్టైలోకీ ఇంతే. పొయ్యి మీద ఉండగా మాత్రం వేయకండి, ఒకాయన ఉడకబెట్టాడు.

సుబాబుల్ సంగతి ప్రకాశం వాళ్లకు నేను చెప్పేదేముంది, కాగితం మిల్లుకు పోగా కొమ్మలు పశువుకు. మేతలో మూడో వంతు దాటనివ్వకండి. మైమోసిన్ అనే విషం ఉంది, వెంట్రుకలు ఊడతాయి.

పెన్నా కింద, కోవూరు, బుచ్చిరెడ్డిపాలెం వైపు వరి మాగాణి ఉన్నవాళ్లు నన్ను క్లోవర్ గురించి అడిగితే నాకు కొంచెం కోపం వస్తుంది. మీ తాతలు ఏం చేసేవాళ్లు? ఎడగారుకు, అంటే రెండో వరి పంటకు, నీళ్లు రాని ఏడు, వరి కోతకు నాలుగు రోజుల ముందు పైరులోనే పిల్లిపెసర చల్లేవాళ్లు. దుక్కి లేదు, తడి లేదు. మడిలో మిగిలిన పదునుతోనే లేస్తుంది. కొంత మేపి, మిగతాది కలియదున్నేవాళ్లు. బర్సీమ్ నైలు ఒడ్డున చేసిన పని ఇదే కదా. నేలకు నత్రజని, పశువుకు పచ్చిమేత. ఎండ ముదిరే కొద్దీ బర్సీమ్ చస్తుంది, పిల్లిపెసర పాకుతుంది. ఇప్పుడు కోత మిషన్ చక్రాల కింద మొలక నలుగుతోంది అంటున్నారు, అది నిజమైన ఇబ్బందే. కోశాక వెంటనే చల్లి ఒక పలచటి తడి పెట్టడం తప్ప నాకు వేరే దారి కనిపించలేదు.

రేగడిలో బోరు కూడా ఉంటే జొన్నలో అలసంద కలిపి వేయండి. మేత రకాలు ఈసీ-4216, సీఓ-5 లాంటివి. బోరు లేని రేగడి గట్ల మీద శంఖుపువ్వు. పూజకు కోస్తారే, అదే తీగ. నెర్రెలిచ్చిన నేలలో కూడా పచ్చగా ఉంటుంది, పశువు ఇష్టంగా తింటుంది. ఎవరూ నమ్మరు, పూల మొక్క కదా అంటారు.

ఇప్పుడు అసలు ముఖ్యమైనది. ఆ తడి పేపరు చుట్ట విప్పు. నిన్న సాయంత్రం పీకిన అలసంద మొక్క ఇది. లాగలేదు, పారతో మట్టి గడ్డతో సహా లేపి, నీళ్లలో నానబెట్టి విడదీశాను. లాగితే చూడాల్సింది నేల్లోనే మిగిలిపోతుంది. వేరు మీద జొన్న గింజలంత బుడిపెలు కనిపిస్తున్నాయా? ఒకదాన్ని గోటితో గిల్లుతున్నాను. దగ్గరికి రండి. లోపల ఏ రంగు? ఎర్రగా, గులాబీ రంగుగా. రక్తంలాగా ఉందా? చుట్టమే. మన రక్తంలో హిమోగ్లోబిన్ లాంటిదే ఇందులోనూ ఉంది. ఈ ఎరుపు ఉంటే లోపల బ్యాక్టీరియా గాలిలో నత్రజని పడుతున్నట్టు. గిల్లితే తెల్లగానో ఆకుపచ్చగానో ఉంటే బుడిపె ఉండీ దండగ, పని చేయడం లేదు.

నా బర్సీమ్ మొక్కలు అప్పట్లో ఇట్టా గిల్లాను. వేరు నున్నగా ఉంది. అసలు బుడిపెలే లేవు. ఎందుకు? బర్సీమ్‌కు దాని సొంత రైజోబియం, అంటే బుడిపెల్లో ఉండే ఆ బ్యాక్టీరియా, కావాలి. లూసర్న్‌కు వేరేది. ఒకదానిది ఇంకొకదానికి పనికిరాదు. మన నేలల్లో ఎప్పుడూ క్లోవర్ వేయలేదు కాబట్టి ఆ బ్యాక్టీరియా మన మట్టిలో ఎక్కడి నుంచి వస్తుంది? అలసంద, పిల్లిపెసర, ఉలవ వాడే బ్యాక్టీరియా వేరే గుంపు, అది మన నేలల్లో తరతరాలుగా ఉంది, స్టైలో కూడా చాలావరకు దానితోనే సర్దుకుంటుంది. పరాయి విత్తనం తెచ్చుకుంటే దానితోపాటు దాని వంటవాణ్ణి కూడా తెచ్చుకోవాలన్నమాట. ఆ బ్యాక్టీరియా పొడి ప్యాకెట్ మీద ఏ పంటకో రాసి ఉంటుంది, చదివి కొనండి. బెల్లం నీళ్లు కాచి, పూర్తిగా చల్లారాక పొడి కలిపి, విత్తనానికి పట్టించి నీడలో ఆరబెట్టి, సాయంత్రం పూట చల్లండి. ఎండలో ఆరబెట్టారో, ప్యాకెట్ డబ్బులు ఎండలో పోసినట్టే.

ఇంకొక్క మాట, పశువైద్యుడిగా. లూసర్న్ గానీ బర్సీమ్ గానీ లేత పచ్చిది, మంచు తడితో, ఖాళీ కడుపుకు పెట్టారంటే ఎడమ డొక్క డోలులాగా ఉబ్బుతుంది. రాత్రి రెండు గంటలకు నాకు వచ్చిన ఫోన్లలో చాలా వరకు ఇవే. పశువు ఊపిరాడక పోతుంది, గంటల్లో. ముందు ఎండుగడ్డి వేయండి, పచ్చిది కోసి కాసేపు వాడనివ్వండి, పచ్చిమేతలో మూడో వంతుకు మించకుండా చొప్పతో కలిపి నరికి పెట్టండి. ఉబ్బిందంటే వేరే ఆలోచన పెట్టుకోకుండా డాక్టరుకు ఫోన్ చేయండి. దశరథ గడ్డి, స్టైలోలతో ఈ టెన్షన్ దాదాపు ఉండదు.

ఏంటమ్మా? గట్టిగా చెప్పండి. ఆ... "సారూ, మాది సముద్రం పక్క, బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, మాకేం చెప్పలేదు" అంటున్నారు. నిజమే, మిమ్మల్ని వదిలేశాను. లూసర్న్ పెద్దదయ్యాక కొంత ఉప్పు ఓర్చుకుంటుంది గానీ మొలకప్పుడు ఓర్చుకోదమ్మా. వాన నీళ్లతో మొలిచి నిలదొక్కుకుంటే సరి, లేకపోతే లేదు. మీకు జీలుగ మంచిది. ఉప్పునూ తట్టుకుంటుంది, నీటినీ తట్టుకుంటుంది. లేతగా ఉన్నప్పుడు కోసి మేకలకు, గొర్రెలకు వేయండి, మిగతాది దున్నేయండి. గట్ల మీద అవిశ చెట్లు నాటుకోండి. పాలిచ్చే పశువుకు నీటిగడ్డి ఉండనే ఉంది. మీ నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపండి, మట్టితో పాటే.

టైమ్ అయిపోయిందని సైగ చేస్తున్నారు. భోజనాల తర్వాత ఒక్కొక్క కవరూ చూసి, దాని మీదే ఏది వేయాలో రాసి ఇచ్చేస్తాను, ఎవరిది వాళ్లు తీసుకెళ్లండి. ఈ కవరు ఒక్కదాని మీదే ఊరి పేరు లేదు. నల్లగా ఉంది, ఉంగరం తిరిగింది, లోపల తెల్లటి సున్నపు గుళ్లు కూడా ఉన్నాయి. ఎవరిదయ్యా ఇది? చెయ్యెత్తండి.